హాలు, నిశ్శబ్దం, ఒకటోసారి

కాబట్టి గురక పెట్టేవాళ్ళది కాదు, వినేవాళ్ళది. పెట్టేవాళ్ళు దాన్ని జన్మలో వినరు. తాను వినని, చూడని, ఉందని ఒప్పుకోని వస్తువు మీద మనిషికి హక్కు ఎలా వస్తుంది? వాన చప్పుడు పట్టుకునేటప్పుడు మబ్బును అనుమతి అడుగుతామా? ఇలా వాదించుకుంటూ చప్పుళ్ళాయన తనను తాను దాదాపు నిర్దోషిగా విడుదల చేసుకోబోతుండగా, స్నానాలగది తలుపు మీద భార్య దబదబా బాదింది.

"ఏమండీ, లోపల పళ్ళు తోముకుంటున్నారా, కొత్తవి కట్టించుకుంటున్నారా? మ్యాట్నీకి వెళ్ళాలి, గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి. టిక్కెట్లు కొన్నప్పటి నుంచీ అతనికి ఇంకేమీ గుర్తులేదు. అద్దంలో చూసుకున్నాడు. నోటి నిండా నురగతో, కళ్ళ నిండా భయంతో ఉన్న ఆ మనిషిని ఏ న్యాయస్థానమూ వదిలిపెట్టేలా లేదు.

సినిమాల్లో వినిపించే చప్పుళ్ళు చాలావరకు అక్కడివి కావు. హీరో నడుస్తుంటే వినపడే అడుగులు ఇంకెవరివో. చీకటి గదిలో తెర ముందు కూచుని తడి తువ్వాలుతో చెంపదెబ్బలు, ముల్లంగితో విరిగే ఎముకలు, పిండి సంచితో మంచులో నడకలు పుట్టించే మనిషి ఒకడుంటాడు. ఇతను అదే పని చేస్తాడు. అందుకే స్టూడియోలో చప్పుళ్ళాయన అన్న పేరు పడింది. మనిషి మాత్రం నోరు విప్పడు. ఎవరైనా ఏదైనా అడిగితే అందులోని మాటలకంటే ముందు వాళ్ళ గొంతులోని గరుకు వింటాడు, జవాబు చెప్పాలన్న సంగతి తర్వాతెప్పుడో తోస్తుంది. పనిలో ఉన్నంతసేపూ అతను పైకి మాట్లాడక తప్పనిది ఒక్కచోటే. మైకు ముందు చప్పుడు పట్టే ముందు, అది దేనిదో, ఎన్నోసారి పడుతున్నాడో చెప్పాలి. "తలుపు, ఒకటోసారి." "గాజుగ్లాసు, మూడోసారి." స్టూడియోలో అది నియమం. పగలంతా అతను పలికే వాక్యాలు దాదాపు అవే.

ఇప్పుడు నడుస్తున్న సముద్రం సినిమాకూ అతనే పని చేశాడు. తెరచాపల కాలంనాటి ఓడ, దాన్ని నడిపే ఒక కెప్టెను కథ. ఏడు సంపుటాల నవలల్లో మొదటి రెండింటినీ కలిపి తీశారు. రాత్రిపూట నడిసముద్రంలో ఓడ కొయ్య మూలిగే చప్పుడు దగ్గర పేచీ వచ్చింది. అతను పట్టుకెళ్ళిన ప్రతి చప్పుడూ దర్శకుడు కళ్ళు మూసుకుని విని, "ఇది మంచం", "ఇది బీరువా", "ఇది ఎవరో మెట్లెక్కుతున్నారు" అని తిప్పికొట్టాడు. "నువ్వు నాకు సామాన్లు వినిపిస్తున్నావయ్యా. నాకు ఓడ కావాలి. దానికి ప్రాణం ఉండాలి."

ప్రాణం దొరకడం పొరపాటున జరిగింది. ప్రతి గదికీ దాని సొంత నిశ్శబ్దం ఒకటుంటుంది. మాటలకూ మాటలకూ మధ్య ఖాళీలో నింపడానికి దాన్ని కూడా పట్టి దాచుకుంటారు. ఒక మధ్యాహ్నం అతను ఇంట్లో హాలు ఖాళీగా ఉండటం చూసి, రికార్డరు బల్ల మీద పెట్టి, మీట నొక్కి, "హాలు, నిశ్శబ్దం, ఒకటోసారి" అని చెప్పి, తన అడుగుల చప్పుడు కూడా పడకూడదని మేడ మీదికి వెళ్ళిపోయాడు. దిగి వచ్చేసరికి అత్తగారు పేము కుర్చీలో ఉన్నారు. మూడో సంపుటం గుండెల మీద బోర్లా పడి ఉంది. ఆవిడ గురక హాలంతా నిండి గుమ్మం దాటుతోంది. మర్నాడు స్టూడియోలో దాన్ని చెరిపేయబోతూ, ఎందుకో వేగం తగ్గించి విన్నాడు. నల్లటి నీళ్ళలో ఒక ముసలి ఓడ ఒత్తిగిలి పడుకుంది. దర్శకుడు కుర్చీలోంచి లేచి వచ్చి అతన్ని కావలించుకున్నాడు. ఎలా చేశావని అడిగితే అతను అలవాటు ప్రకారం మాట్లాడలేదు.

అది ఇంకెవరి గురక అయినా ఇంత బాధ లేదు. అత్తగారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. ఉద్యోగం వదిలేసినా దిద్దడం వదల్లేదు. గోడల మీది ప్రకటనలు, మందు సీసాల మీది చీటీలు, ఎదుటివాళ్ళు చెప్పే కబుర్లు, అన్నీ దిద్దుతారు. ఆవిడ తన గురించి ఇచ్చిన తుది ప్రతిలో గురక లేదు. "నాకసలు నిద్రే పట్టదు. ఊరికే కళ్ళు మూసుకుంటానంతే" అంటారు. మొదట్లో ఆవిడ తమ్ముడి ఇంట్లో ఉండేవారు. చుట్టాలంతా కూచుని నవ్వుకుంటుండగా ఆ తమ్ముడు, "మా అక్క కళ్ళు మూసుకుంటే పక్కవీధిలో లారీ లోడు దింపుతున్నారనుకుంటారు" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళి పెట్టె సర్దుకుని కూతురింటికి వచ్చేశారు. ఆ తమ్ముడితో ఇప్పటికీ మాటల్లేవు. ఆ పెట్టె ఇప్పుడు ఇక్కడ మంచం కింద ఉంది. దాని గొళ్ళెం చప్పుడు ఎలా ఉంటుందో చప్పుళ్ళాయనకు బాగా తెలుసు.

ఆవిడ వెళ్ళిపోతే ఏమవుతుందన్నది అతను ఎవరికీ చెప్పుకోలేని సంగతి. స్టూడియోలో పని రాత్రి దాకా సాగే రోజుల్లో అతను మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాడు. భార్య ఆఫీసులో. ఆవిడ హాల్లో చదువుకుంటారు, అతను పక్కగదిలో వింటుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అడగరు. ఈ లోకంలో తనను మాట్లాడమనని మనిషి ఆవిడొక్కరే. కాగితం తిరగేసిన చప్పుడు, కళ్ళజోడు పక్కన పెట్టిన చప్పుడు, ఆ తర్వాత అది. ఆ చప్పుడు మొదలవగానే అతని భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి.

అందువల్ల ఆ ఆదివారం ఉదయం అతని పథకం ఒక్కటే. అత్తగారు సినిమాకు రాకూడదు.

కాఫీ దగ్గర మొదలుపెట్టాడు. "అత్తయ్యగారూ, సినిమా నవలకి చాలా దూరంగా ఉందటండీ."

అభిమానం కొద్దీ ఆవిడ మనసు విరిగి మానేస్తారనుకున్నాడు. ఆవిడ కప్పు కింద పెట్టారు. కళ్ళు మెరిశాయి.

"ఎంత దూరం?"

"చాలా. మీరు చూస్తే బాధపడతారు."

"బాధెందుకు బాబూ, ఎవరో ఒకరు చూసి తప్పులు పట్టాలి కదా. అమ్మాయ్, పక్కింటావిడకి చెప్పు. తనూ నా దగ్గర పుస్తకాలు తీసుకుని చదివింది. నేను కుడివైపు తప్పులు చూస్తాను, తను ఎడమవైపు చూస్తుంది."

పక్కింటావిడ నర్సు. అన్నీ రాత్రి డ్యూటీలు. పగలు పడుకునే ఆవిడ గదికీ వీళ్ళ హాలుకూ మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. ఈ సంగతి చప్పుళ్ళాయనకు ఆవిడ "వస్తున్నా వస్తున్నా" అని గోడవతల నుంచే జవాబిచ్చినప్పుడు స్ఫురించింది.

రెండో ప్రయత్నం భార్య మీద చేశాడు. "ఆ థియేటర్లో సౌండు బాగోదోయ్. వద్దులే."

భార్య ఏ పనినీ సగంలో వదిలే మనిషి కాదు. ఇలా విని అలా ఫోను తీసి స్టూడియో యజమానికి కలిపింది. "అన్నయ్యగారూ, ఈయన పొద్దుట్నుంచీ కాఫీ కూడా సరిగ్గా తాగట్లేదండీ. తను చేసిన చప్పుళ్ళు ఆ డొక్కు థియేటర్లో పాడైపోతాయని బెంగ... అయ్యో, మీకెందుకండీ శ్రమ... అలాగా... మీరు కూడానా!" ఫోను పెట్టేసి గర్వంగా చూసింది. "పెద్ద థియేటరు. బాల్కనీలో ముందు వరస. ఆయన కూడా వస్తున్నారు. ఇంక మీరు మొహం అలా పెట్టకండి."

అతను మొహం వేరే రకంగా పెట్టాడు. తలనొప్పి అన్నాడు.

"అయితే నువ్వు పడుకో బాబూ, మేం చూసొచ్చి అంతా చెప్తాం" అన్నారు అత్తగారు.

తలనొప్పి వెంటనే తగ్గిపోయింది.

థియేటర్లో అతనికి ఒకవైపు భార్య, ఇంకోవైపు అత్తగారు, ఆవిడ పక్కన నర్సు, వెనక వరసలో యజమాని. తెర మీద కెప్టెను కనపడగానే అత్తగారు చీకట్లో వేలు ఎత్తారు.

"ఇతనికి బట్టతల ఉండాలి."

"అమ్మా, ష్."

"ఉన్నమాటే కదే. ఆరో అధ్యాయంలో విగ్గు గాలికెగిరి నీళ్ళలో పడుతుంది. దానికోసం పడవ దింపిస్తాడు. అంత మంచి సీను తీసేసి ఈ జుట్టు పెట్టారు."

జుట్టు నిజంగానే చాలా ఉంది. తెరచాప కంటే ఎక్కువ గాలి దానికే తగులుతోంది. కాసేపటికి తెరచాప కొయ్యకు ఆనుకుని ఒక అమ్మాయి పాట అందుకుంది.

"ఓడలోకి ఆడపిల్ల ఎలా వచ్చింది?" అన్నారు అత్తగారు.

"టిక్కెట్టు కొనుక్కుని ఉంటుందిలెండి అక్కయ్యగారూ" అంది నర్సు.

"రెండు సంపుటాల్లోనూ లేదమ్మా!"

"అయితే మధ్యలో ఎక్కి ఉంటుంది."

చప్పుళ్ళాయన ఈ మాటలు వింటూ, ఆవిడ ఇలాగే తప్పులు పట్టుకుంటూ ఉంటే బాగుండునని, చప్పుడు వచ్చే సమయానికి కూడా ఏదో ఒక తప్పు దొరకాలని కోరుకుంటూ కూచున్నాడు. కానీ పాట అయిపోయింది. తెర నల్లబడింది. రాత్రి, పొగమంచు, గాలి లేని సముద్రం. అప్పుడు ఓడ ఊపిరి పీల్చింది.

పొడుగ్గా, లోతుగా, ఎక్కడో అడుగు పలకల్లోంచి పైకి లాక్కుంటూ. తర్వాత ఆగింది. ఇంక తీయదేమో అన్నంతసేపు ఆగింది. హాలంతా దానితోపాటు ఊపిరి బిగబట్టింది. తర్వాత ఓడ వదిలింది, చివర్న సన్నని ఈల వేస్తూ. అతను చేసిన వాటిల్లో అంత అందమైన చప్పుడు మరొకటి లేదు. పారిపోదామా అనిపించింది.

భార్య తల చాలా నెమ్మదిగా అతని వైపు తిరిగింది.

"ఏమండీ."

"ఊఁ."

"అది ఓడేనా?"

"ఓడే."

"చివర్లో ఈల వేసి, పెదాలు చప్పరించేది కూడా ఓడేనా?"

అతను తెరకేసి చూశాడు.

"మా అమ్మని ఓడ చేశారా?" ఆమె గుసగుసలోనే కేక పెట్టింది. "అన్ని ఫిరంగులు మోసే ఓడ! మా అమ్మ!"

"ఫిరంగులు వేరు. అవి మన నీళ్ళ డ్రమ్ము."

"ఆవిడకి తెలిస్తే ఏమవుతుందో తెలుసా? మంచం కింద పెట్టె—"

"తెలుసు."

అవతలి నుంచి నర్సు ముందుకు వంగింది. "ఈ చప్పుడు నేనెక్కడో విన్నానండీ. ఎక్కడో ఏమిటి, రోజూ వింటున్నా. నోట్లోనే నానుతోంది, బయటికి రావట్లేదు. మా వార్డులోదా? కాదే. నీళ్ళ మోటారా?"

ఆశ్చర్యం ఏమిటంటే అత్తగారు ఏమీ అనలేదు. ఆ తర్వాత కెప్టెను కత్తి తప్పు చేత్తో పట్టుకున్నా అనలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూచున్నారు. ఓడ మళ్ళీ మళ్ళీ మూలిగింది. ఆవిడ వైపు చూసే ధైర్యం లేక అతను ఆవిడ నిశ్శబ్దాన్ని విన్నాడు. ప్రతి మనిషి నిశ్శబ్దానికీ ఒక రుచి ఉంటుందని అతని నమ్మకం. దీని రుచి అంతు పట్టలేదు. అందువల్ల అన్నిటికంటే చేదైన అర్థాన్నే తీసుకున్నాడు.

ఆట వదిలాక మెట్ల దగ్గర యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మగారూ, నవలలు కంఠతా వచ్చినవారట. మీ మాటే మాకు తీర్పు. ఎలా ఉంది?"

"కెప్టెను తప్పు. ఆ అమ్మాయి తప్పు. తుఫాను మూడో సంపుటంలోది, తెచ్చి ఇక్కడ పెట్టారు. చిలక చచ్చిపోదు, అది ఆఖరి సంపుటం దాకా ఉంటుంది." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్క ఓడ మటుకు సరిగ్గా ఉంది. 'పగలంతా పనిచేసిన ముసలి ప్రాణిలా అది రాత్రిపూట నిట్టూర్చేది, ఆ నిట్టూర్పు వినపడినంతసేపూ మాకు భయం లేదు.' మొదటి సంపుటం, మొదటి పేజీ. నేను చదివినప్పుడల్లా ఎలా ఉంటుందా అనుకునేదాన్ని. ఇవాళ విన్నాను."

 యజమాని చప్పుళ్ళాయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా కుదిపాడు. "విన్నావటయ్యా! నాక్కూడా చెప్పలేదమ్మగారూ, దేంతో చేశాడో. ఇప్పుడు చెప్పక తప్పదు. రెండో భాగానికి ఇంకా పెద్ద ఓడట. అదే ప్రాణం, ఇంకా బోలెడంత కావాలంటున్నాడు దర్శకుడు. ఉన్న ముక్కంతా వాడేశాం. ఇవ్వలేకపోతే పని పక్క స్టూడియోకి పోతుంది. చెప్పు నాయనా, దేంతో చేశావు?"

అందరూ అతని వైపు చూశారు. భార్య చూపులో హెచ్చరిక. నర్సు నుదురు చిట్లించి పెదవి కొరుకుతోంది, గుర్తుకు రావడానికి ఇంకెంతో లేదు. అత్తగారు మాత్రం తల వంచి చేతిసంచీలో ఏదో వెతుక్కుంటున్నారు.

"తలుపు" అన్నాడు అతను.

"ఏ తలుపు?"

పొద్దున ఏ తలుపు వెనక దాక్కున్నాడో అదే నోటికి వచ్చింది. "మా స్నానాలగది తలుపు."

అత్తగారు తలెత్తారు. "మన తలుపా? అది చప్పుడు చెయ్యదే. నెలనెలా నేనే నూనె వేస్తాను. చప్పుడు చేసే ఇల్లంటే నాకు పడదు."

"మెల్లగా వింటే వస్తుందండీ" అన్నాడు అతను, మెల్లగా.

మర్నాడు ఉదయం యజమాని ఒక వడ్రంగిని, రెండు మైకులను వెంటబెట్టుకుని దిగాడు. భార్య తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళేసరికి స్నానాలగదికి తలుపు లేదు. అబద్ధం చెప్పినప్పుడు అది ఇంత బరువుంటుందని చప్పుళ్ళాయన అనుకోలేదు. దాన్ని హాల్లోకి మోయడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది.

"నేను ఆఫీసుకి ఎలా తయారవ్వాలి?" అంది భార్య.

"చెల్లెమ్మా, కళ కోసం ఒక్కపూట" అన్నాడు యజమాని.

"కళ స్నానం చెయ్యదేమో అన్నయ్యగారూ, నేను చేస్తాను." ఆమె గుమ్మానికి దుప్పటి కట్టించింది. దుప్పటికి ఇవతల మొగుణ్ణి కాపలా పెట్టింది.

తలుపును గోడకు నిలబెట్టి, మడతబందులు బిగించి, తీశారు, వేశారు. తలుపు పట్టుబడిన దొంగలా నోరు మెదపలేదు. యజమాని నేల మీద మోకరిల్లి దానికి చెవి ఆనించాడు.

"పలకదేమిటి?"

"మొహమాటం సార్" అన్నాడు వడ్రంగి. "కొత్తవాళ్ళని చూసి."

నూనె వల్లేనని తేల్చి బందుల్ని సబ్బుతో కడిగారు. చిత్రికపట్టి అంచు గీశారు. చాలాసేపటికి తలుపు 'కిచ్' మంది.

"ఇదా ఓడ?" అన్నాడు యజమాని. "కాగితప్పడవ కూడా ఇంతకంటే గట్టిగా ఏడుస్తుంది."

"బహుశా వంటింటి తలుపేమో" అన్నాడు చప్పుళ్ళాయన. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి ఊడదీయాలని అతనికి అప్పుడే అర్థమవుతోంది. వంటింటి తలుపు వచ్చింది. తర్వాత బీరువా తలుపులు వచ్చాయి. హాలు తలుపుల ఆసుపత్రిలా తయారైంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు ఈ రభసకు నిద్ర పట్టక కళ్ళు నలుపుకుంటూ వచ్చి, తమ పెరటి తలుపు ఎవరో గొంతు పిసుకుతున్నట్టు అరుస్తుందని, కావలిస్తే ఊడదీసుకోమని చెప్పింది. ఈలోగా స్నానాలగది తలుపును తిరిగి బిగించబోతే గీసిన అంచువైపు అది గుమ్మానికి చాలలేదు. భార్య సెలవు పెట్టింది. మొగుడి వంక చూసిన చూపులో, ఇది సెలవుతో తీరేది కాదని ఉంది.

ఇంత గందరగోళంలోనూ అత్తగారు పేము కుర్చీ దిగలేదు. నాలుగో సంపుటం తెరిచి, దాని మీంచి అప్పుడప్పుడూ చూసి, "అది తలకిందులుగా పట్టుకున్నారు" అని దిద్దుతూ కూచున్నారు. భోజనాల వేళ దాటింది. అందరూ తిని, ఎక్కడివాళ్ళక్కడ తలుపుల మధ్య చతికిలబడ్డారు. యజమాని దిగులుగా టీ తాగుతున్నాడు. "పోయిందయ్యా. పని పక్క స్టూడియో వాడికి పోయింది" అన్నాడు.  కాగితం తిరగేసిన చప్పుడు. కళ్ళజోడు పక్కన పెట్టిన చప్పుడు.

చప్పుళ్ళాయన భుజాలు అలవాటు ప్రకారం కిందికి దిగాయి. అప్పుడు అతను ఉలిక్కిపడి కుర్చీ వైపు చూశాడు.

పొడుగ్గా, లోతుగా, హాలు అడుగుపలకల్లోంచి ఓడ ఊపిరి పీల్చింది. ఆగింది. యజమాని టీ కప్పు గాల్లో ఆగింది. వడ్రంగి చేతిలో మేకు ఆగింది. ఓడ వదిలింది, సన్నని ఈలతో.

"ఆఁ!" నర్సు ఎగిరి లేచింది. "ఇదే! ఇదేనండీ! రోజూ గోడవతల్నించి నేను—"

"పిన్నిగారూ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చానన్నారు!" అని భార్య అరిచింది.

"నేనా? నేను పాలే తాగను కదమ్మా!"

అత్తగారు కళ్ళు తెరిచారు. పుస్తకం గుండెల మీంచి జారకుండా పట్టుకుని అందరినీ ఒక్కొక్కరినే చూశారు. "ఏమిటి ఇదే?"

 హాలు, నిశ్శబ్దం. యజమాని మొహం మాత్రం తెల్లవారినట్టు వెలిగిపోతోంది. అతను చప్పుళ్ళకు పుట్టి చప్పుళ్ళలో పెరిగిన మనిషి, అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. "అమ్మగారూ!" అన్నాడు చేతులు జోడించి. "మీరు గు—"

"కుర్చీ!"

అంత గట్టిగా అరిచింది తానేనని చప్పుళ్ళాయనకు వెంటనే తెలియలేదు. ఆ ఇంట్లో అతను గొంతెత్తడం అదే మొదలు. "కుర్చీ, అత్తయ్యగారూ. ఆ చప్పుడు కుర్చీది. తలుపు కాదు. నేనే పొరపడ్డాను."

అత్తగారు అతన్ని చూశారు. ప్రూఫు కాగితాన్ని చూసినట్టు, పై అక్షరం నుంచి కింది అక్షరం దాకా చూశారు. అతని చెవుల్లో అప్పటికే పెట్టె గొళ్ళెం పడుతోంది. ఆవిడ కుర్చీ చేతిని అరచేత్తో నిమిరారు.

"పాత పేము మరి."

"అవునండీ. పాతది."

"నేను చదువుకుంటూ అటూఇటూ కదిలితే చప్పుడు చేస్తోందన్నమాట."

"అదేనండీ."

"నాకెప్పుడూ వినపడలేదే."

"మీరు చదువులో ఉంటారు కదండీ" అంది కూతురు, ఆతురత కొద్దీ తల్లిని కూడా అండీ అంటూ.

యజమాని తెలివైనవాడు. మింగవలసింది మింగి, గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, ఈ కుర్చీని కొన్నాళ్ళు మా స్టూడియోకి ఇప్పించాలి."

"కుర్చీ ఒక్కటే వస్తే ఏం చప్పుడు చేస్తుంది? పైన ఎవరో ఒకరు కూచోవాలి కదా. దీన్లో నేను తప్ప ఇంకెవరూ కూచోరు."

"మీరు కూడా రావాలమ్మగారూ!"

"భోజనం అయ్యాకే వస్తాను. ఖాళీ కడుపుతో కుర్చీ చప్పుడు చెయ్యదు. ఇంకోటి. రెండో భాగంలో కెప్టెనుకి బట్టతల ఉండాలి."

"దర్శకుడి కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు కాదు, జుట్టు పట్టుకోండి. ఆ హీరోది."

అలా మర్నాడు మధ్యాహ్నం పేము కుర్చీ ఆటోలో ఎక్కింది, దాని వెనకాల అత్తగారు, ఒళ్ళో నాలుగో సంపుటం. భార్య ఇంట్లో స్నానాలగది గుమ్మాన్ని తలుపు కొలతకు తగ్గిస్తున్న వడ్రంగి దగ్గర ఉండిపోయింది.

స్టూడియోలో చప్పుళ్ళు పట్టే గదికి మెత్తని గోడలు. తలుపు మూసేస్తే లోకం ఉన్నట్టు తెలియదు. కుర్చీని మధ్యలో వేశారు. అద్దానికవతల యజమాని చేతులు జోడించుకుని నిలబడ్డాడు. అత్తగారు చుట్టూ చూసి, "బాగుంది. చదువుకోవడానికి అనువుగా ఉంది" అని పుస్తకం తెరిచారు. చప్పుళ్ళాయన మైకు దగ్గరికి జరిపి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కదలకుండా కూచున్నాడు. కాగితం తిరిగింది. కొంతసేపటికి ఇంకో కాగితం. తర్వాత కళ్ళజోడు పక్కకు చేరింది. పుస్తకం బోర్లా పడింది. కళ్ళు మూతపడ్డాయి.

అతను మీట నొక్కాడు. ఇప్పుడు నియమం ప్రకారం పైకి చెప్పాలి. కుర్చీ, ఒకటోసారి. ఆ మాటే నాలుక మీద సిద్ధంగా పెట్టుకున్నాడు. కానీ ఇన్నేళ్ళ పనిలో అతను మైకు ముందు అబద్ధం చెప్పలేదు. మనుషుల ముందు చెప్పాడు, భార్య ముందు చెప్పాడు, అద్దం ముందు కూడా చెప్పుకున్నాడు. మైకు ముందు లేదు. ముల్లంగిని ముల్లంగి అనే అన్నాడు. తడి తువ్వాలును తడి తువ్వాలు అనే అన్నాడు. ఒకే ఒక్కసారి, తెలియక, నిశ్శబ్దం అన్నాడు.

కళ్ళు మూసుకున్న ఆవిడ మొహంలోకి చూస్తూ, మైకు దగ్గరికి వంగి, మెల్లగా, స్పష్టంగా చెప్పాడు.

"అత్తయ్యగారు, ఒకటోసారి."

ఆవిడ కళ్ళు తెరవలేదు. తల కుర్చీకి ఇంకాస్త సుఖంగా ఆనించుకుని, "రెండోసారి" అని దిద్దారు.